నల్లకోటు జేబులో చీటీలు

ఆ పుస్తకంలో మంచివాడు ఒక్కడే ఉన్నాడట. ఆ ఒక్కడూ నేనేనట. నేను దాన్ని చదవలేదు, చదవలేను కూడా. అది యుక్రెయిన్ భాషలో ఉంది. రాసినవాడు ఒకప్పుడు దుబాయ్‌లో నేను పనిచేసిన హోటల్లో వయొలిన్ వాయించేవాడు. ఇప్పుడు వాళ్ళ దేశంలో పేరున్న రచయిత, కచేరీలు కూడా చేస్తాడు. ఆ హోటల్లో గడిపిన రోజుల గురించి రాసిన పుస్తకంలో మేనేజరు దుర్మార్గుడు, గెస్టులు మొద్దులు, రిసెప్షన్‌లో పనిచేసే తన దేశపు అమ్మాయి తనను పట్టించిన ద్రోహి. కింద బేస్‌మెంట్‌లో కోట్లు ఇస్త్రీ చేసే ఇండియన్ ఒక్కడు మాత్రం బంగారం లాంటి మనిషి.

మేనేజరు గురించీ గెస్టుల గురించీ నాకు పేచీ లేదు. మిగతా ఇద్దరినీ తారుమారు చేశాడు. పట్టించింది ఆ అమ్మాయి కాదు, నేను. ఈ మాట చెప్పాల్సిన చోట చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మేం చాకలివాళ్ళం. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఇంటర్ పాసయిన రోజు, ఇంకొకరి బట్ట ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. 2002లో ఏజెంటు "హోటల్ పని, ఏసీల కూసునుడే" అన్నాడు. ఏ పనో అడిగితే "పోయినంక చెప్తరు" అన్నాడు. దిగిన రెండోరోజు మమ్మల్ని సర్వీస్ లిఫ్టులో కిందికి తీసుకుపోయారు. తలుపు తెరిస్తే ఉడుకు ఆవిరి మొహాన కొట్టింది. ఎదురుగా నిలువెత్తు వాషింగ్ మెషీన్లు, గోడ పొడవునా ఇస్త్రీ బల్లలు. పాస్‌పోర్టులో మా కులం లేదు కదా, వీళ్ళకెలా తెలిసిందని ఒక్క క్షణం నిజంగానే అనుమానపడ్డాను. పక్కనున్న మలయాళీ నన్ను చూసి, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా అని హిందీలో అడిగాడు. నాకూ తెలియలేదు.

నన్ను యూనిఫామ్ రూమ్‌లో వేశారు. వెయిటర్ల జాకెట్లు, వంటవాళ్ళ తెల్లకోట్లు, వాద్యగాళ్ళ నల్లకోట్లు నా బల్ల మీదికే వచ్చేవి. అక్కడ అన్నింటికంటే పెద్ద రూలు జేబుల రూలు. ఉతికే ముందు ప్రతి జేబూ తిరగేయాలి. ఏం దొరికినా కవరులో పెట్టి, కవరు మీద ఆ బట్ట నంబరు, కింద మన స్టాఫ్ నంబరు వేసి సెక్యూరిటీకి పంపాలి. నేను చేరిన కొత్తలోనే ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, తనకు ఒక కోటు జేబులో దొరికిన చెవిపోగును మర్నాడు ఇద్దామని తన డ్రాయర్లో పెట్టుకుంది. అదే వారంలో ఆమెను ఇంటికి పంపించేశారు.

జేబులు తిరగేయడం నాకెవరూ నేర్పక్కర్లేదు. చాకిరేవులో బట్టలు తడిపే ముందు మా అమ్మ ప్రతి జేబూ చూసేది, ప్రతి కొంగుముడీ విప్పేది. దొరికినవన్నీ ఒక రేకుడబ్బాలో వేసి, ఉతికిన బట్టలతోపాటు ఎవరివి వాళ్ళకు ఇచ్చేది. నాకు పదేళ్ళప్పుడు పటేలు గారి కూతురు లంగాలో మడిచిన ఉత్తరం ఒకటి దొరికింది. చదువు వచ్చిన గొప్ప కొద్దీ నేను పైకి చదవబోయాను. అమ్మ తడిచేత్తో చెంప ఛెళ్ళుమనిపించింది. "బట్టలల్ల దొర్కింది ఆ బట్టలోళ్ల చేతికే ఇయ్యాలె. నువ్వెందుకు సదువుతున్నవ్‌రా? నడుమల ఇంకోళ్ల చెయ్యి పడద్దు దాని మీద" అంది. ఊరందరి మరకలూ ఆమెకు తెలుసు. ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో చెప్పిందని మాత్రం ఎవరూ ఆమెను అనలేదు. అమ్మ రూలు వేరు, హోటల్ రూలు వేరు. నా గొడవంతా ఆ రెండింటి మధ్యే జరిగింది.

నేను చేరిన రెండు నెలలకు నల్లకోటు జేబులో చీటీలు దొరికాయి. వెయిటర్లు ఆర్డరు రాసుకునే చిన్న చీటీలు. వాటి వెనక చీమల బారులా నాకు తెలియని లిపి. కవరు తీసి నంబరు వేయబోతుంటే పొడుగాటి మనిషి ఒకడు పరిగెత్తుకుంటూ దిగివచ్చాడు. దవడ కింద, మెడ మీద నల్లటి మచ్చ, కాడి ఒరుసుకున్న ఎద్దు మెడ మీద ఉన్నట్టు. అది వయొలిన్ ఆనించి ఆనించి పడిన మచ్చ అని తర్వాత చెప్పాడు. నా చేతిలో చీటీలు చూసి "ప్లీజ్, సదీక్" అన్నాడు. సదీక్ అంటే అరబ్బీలో దోస్తు. అతనికి అరబ్బీలో వచ్చిన నాలుగు మాటల్లో అదొకటి. నేను కవరు పక్కన పడేసి చీటీలు అతని చేతికిచ్చాను. అప్పుడు నాకు గుర్తొచ్చింది అమ్మే.

మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా లాబీలో, టీ తాగే గెస్టుల కోసం ముగ్గురు వాయించేవారు. వాళ్ళలో ఇతనొకడు. పాటకూ పాటకూ మధ్య దొరికే ఐదు నిమిషాల్లో, స్తంభం చాటున నిలబడి, వెయిటరు దగ్గర అడిగి తీసుకున్న చీటీ మీద కథ రాసేవాడు. చీటీ అయిపోయేలోగా కథ అయిపోవాలి, అదీ అతని నియమం. లాబీలో వాద్యగాళ్ళు కాగితాలతో కనబడకూడదని మేనేజరు ఆజ్ఞ. అందుకని చీటీలు కోటు లోపలి జేబులోకి పోయేవి. ఆరు కాగానే కిందికి వచ్చి, కోటు విప్పి మా కౌంటర్లో పడేసి పోయేవాడు. రోజూ మర్చిపోయేవాడు. రెండేళ్ళపాటు నేను రోజూ వాటిని ఒక ఖాళీ గంజిపొడి డబ్బాలో వేసి ఉంచి అతని చేతికే ఇచ్చాను. ఒక్కటీ సెక్యూరిటీకి పోలేదు.

పక్క బల్ల మీద పనిచేసే ఆర్మూరు అన్నకు ఈ సంగతి నచ్చేది కాదు. "ఏంది తమ్మీ, ఆ రష్యావోని చీటీలు దాస్తున్నవ్? ముదీరుకు తెలిస్తే ఇద్దరికీ ఖలాస్" అనేవాడు. ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు. రష్యావాడు కాదు, యుక్రెయిన్ అని చెప్పినా వినేవాడు కాదు. వయొలిన్ మనిషికి కూడా అదే ఒళ్ళుమంట. తనను రష్యన్ అన్న ప్రతివాడినీ నిలబెట్టి సరిచేసేవాడు. పెద్ద నగరంలో సంగీతం చదువుకున్నప్పుడు తోటివాళ్ళంతా రష్యన్ మాట్లాడేవారట, ఇంటిభాషలో రాస్తే పల్లెటూరి బైతు అనేవారట. నాకు భలే అర్థమైంది. కరామాలో నేను ఉండే గదిలో కోస్తావాళ్ళు నా మాట వింటే సినిమాలో కమెడియన్ వచ్చినట్టు నవ్వేవారు.

అతని నాన్న ఒక ఏటిఒడ్డు ఊళ్ళో పెళ్ళిళ్ళకు అకార్డియన్ వాయించేవాడు. ఇతను వయొలిన్ నేర్చుకుని సంగీతం బడిలో పంతులయ్యాడు. సోవియట్ దేశం విడిపోయాక ఆ బడిలో కొన్నాళ్ళు జీతం బదులు చక్కెర ఇచ్చారట. "చక్కెర బస్తా మీద కూర్చుని మొదటి కథ రాశాను" అన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో నాకు కొన్ని చీటీలు చదివి వినిపించేవాడు. ఒకటి ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళ ఊళ్ళో ఒక విధవరాలు పిలవని పెళ్ళికల్లా వచ్చేది. తిండికి కాదు. అకార్డియన్ వాయించేవాడి చెవిలో "తప్పు వాయిస్తున్నావు" అని చెప్పి వెళ్ళిపోయేది. ఒక పెళ్ళికి ఆమె రాలేదు. ఆ రోజు నాన్న వాయించలేకపోయాడు. అంతే కథ. అది విన్నాక రెండు రోజులు నాకు వేరే ధ్యాస లేదు. ఆ కథ విన్నాకే నేనూ ఒక నోటుబుక్కు కొన్నాను.

2004లో రంజాన్ వచ్చింది. రంజాన్ నెలలో హోటళ్ళలో వాద్యాలు ఆపేస్తారు. నెల సగంలో ఉండగానే ఎమిరేట్స్ దేశాధ్యక్షుడు పోయారు. నలభై రోజుల సంతాపం. రెండూ కలిసి రెండు నెలలదాకా అతని వయొలిన్ పెట్టెలోంచి బయటికి రాలేదు. ఆ రోజుల్లోనే వాళ్ళ దేశంలో ఎన్నికల గొడవ లేచింది. స్టాఫ్ క్యాంటీన్ టీవీలో చూసేవాళ్ళం, మంచులో వేలమంది జనం, మెడల్లో నారింజరంగు కండువాలు. అతను ఆ టీవీ ముందు నిలబడే తిండి తినేవాడు. పోదామంటే పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది. మనిషి ముల్లులా తయారయ్యాడు, ఎవరు పలకరించినా గుచ్చేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లో నా కథ చూపించాలని నాకు బుద్ధి పుట్టింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం కరామాలో తెలుగు మెస్‌కు తీసుకుపోయాను. భోజనం అయ్యాక నోటుబుక్కు తీశాను. రెండేళ్ళలో రాసిన ఒకే ఒక కథ. చాకిరేవు, అమ్మ, రేకుడబ్బా, పటేలు ఇల్లు, వాళ్ళ ముందు తల వంచని నేను. పేజీ పేజీ ఇంగ్లీషులో చెప్పాను. అతను అడ్డురాకుండా విన్నాడు. పూర్తయ్యాక గ్లాసులో మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని అన్నాడు.

"ఇది కథ కాదు, సదీక్. ఇంటికి రాసే ఉత్తరం. ఇందులో అందరూ మంచివాళ్ళు. నువ్వు అందరికంటే మంచివాడివి. నువ్వు ఎక్కడా దొరికిపోలేదు."

అతను నవ్వాడు.

"నువ్వు బట్టలు చేసినట్టే రాస్తావు. ఇస్త్రీ. ఒక్క ముడతా ఉంచవు."

ఆ మనిషికి మా కులం తెలియదు. మన దేశంలో ఆ మాటకున్న బరువు తెలియదు. పనివాడు పనివాడితో అన్నట్టు అన్నాడు, ఇప్పుడు నాకు అర్థమవుతుంది. కానీ నా చెవికి వినబడింది అతని గొంతు కాదు. తొమ్మిదో తరగతిలో నేను పద్యం తప్పు చదివితే తెలుగు పంతులు "పోయి ఇస్త్రీ చేసుకోరా, నీకెందుకీ చదువు" అంటే క్లాసంతా నవ్విన నవ్వు వినబడింది. అంతదూరం వచ్చి, సముద్రం దాటి, దోస్తు అనుకున్న మనిషి ఎదుట కూర్చుంటే, అదే మాట. తల కొట్టేసినట్టయింది. బిల్లు కట్టి బయటికి వచ్చాం. బస్సు దాకా అతను ఏదో చెబుతూనే ఉన్నాడు, నేను ఊ కొట్టాను.

డిసెంబరులో సంతాపం ముగిసి లాబీలో మళ్ళీ వయొలిన్ మోగింది. మొదటిరోజు సాయంత్రం నల్లకోటు వచ్చింది. లోపలి జేబులో పదకొండు చీటీలు. రెండు నెలలు దాచుకున్నదంతా వాటిలో కుక్కినట్టున్నాడు, అంచుల దాకా రాత. గంజిపొడి డబ్బా చేతికందే దూరంలో ఉంది. నేను కవరు తీశాను. కోటు నంబరు వేశాను. కింద నా స్టాఫ్ నంబరు వేశాను.

ఆర్మూరు అన్న ఇస్త్రీపెట్టె ఎత్తిపట్టుకుని చూశాడు. "అరే, ఇయ్యాల పైకి పంపుతున్నవేందిరా? గాయన వస్తడు గద ఇప్పుడు."

"రూల్ రూలే గదనే" అన్నాను.

"నిన్నటిదాక లేదా రూలు?"

కవరు ట్రేలో వేశాను, సెక్యూరిటీ గార్డు వచ్చి తీసుకుపోయాడు. కోపంతో చేశాను. చిన్న మొట్టికాయ పడుతుంది, మేనేజరు పిలిచి రెండు తిడతాడు, అంతే అనుకున్నాను. ఇది అబద్ధం కూడా కావచ్చు. ఆ క్షణంలో ఏమనుకున్నానో ఇన్నేళ్ళ తర్వాత నా మీద దయతోనే గుర్తు చేసుకుంటున్నానేమో.

తర్వాతది నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. సెక్యూరిటీ ఆఫీసరు ఆ రాత చూసి రిసెప్షన్‌లో ఉన్న యుక్రెయిన్ అమ్మాయిని పిలిచి చదవమన్నాడు. ఆమె చదివింది. మేనేజరు నడక, యజమాని అయిన కఫీల్ గారి ఫోను, సంతాపం రోజుల్లో గెస్టుల వేషాలు, అన్నీ ఉన్నాయి అందులో. ఆమె తల ఎత్తి "మా ఊరి జానపద కథలు సర్, చేపలూ నక్కలూ" అని చెప్పింది. ఆఫీసరు నమ్మలేదు. బయట అనువాదాల ఆఫీసుకు పంపాడు. మూడో రోజుకు టైపు చేసిన కాగితాలు వచ్చాయి. వయొలిన్ ఉద్యోగం పోయింది, వీసా రద్దయింది, మళ్ళీ రాకుండా బ్యాన్ పడింది. అబద్ధం చెప్పినందుకు ఆ అమ్మాయికి వార్నింగ్ లెటర్ ఇచ్చారు. ఆమెను ఆఫీసులోకి పిలవడం మాత్రమే అతను చూశాడు. లోపల ఆమె ఏమందో అతనికి తెలియదు.

వెళ్ళేరోజు రెండు నల్లకోట్లూ అప్పజెప్పడానికి బేస్‌మెంట్‌కు వచ్చాడు. కౌంటరు దాటి లోపలికి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. ఎండుగడ్డి వాసన వేసింది, వాళ్ళ సిగరెట్ల వాసన అది. తర్వాత నా భుజాలు పట్టుకుని అడిగాడు.

"ఆ రోజు కోటు జేబులో ఏమైనా ఉన్నాయా?"

చెప్పడానికి అంతకంటే మంచి అదను మనిషికి దొరకదు. నేను అతని కళ్ళలోకి చూసి "లేవు" అన్నాను.

"అయితే లాబీలోనే పడిపోయాయి. ఆమెకు దొరికాయి" అన్నాడు. "ఈ బిల్డింగులో మనిషివి నువ్వొక్కడివే." ఆర్మూరు అన్న ఇస్త్రీ ఆపకుండా తల వంచుకున్నాడు. ఆ తర్వాత నెలదాకా నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ నెల హోటల్లో ఉత్తమ ఉద్యోగి నేనే. జేబులో దొరికినవి నిజాయితీగా అప్పజెప్పినందుకట. నా ఫోటో క్యాంటీన్లో పెట్టారు, సరిగ్గా ఆ టీవీ పక్కనే. ఏడాది తిరక్కుండా యూనిఫామ్ రూమ్ సూపర్‌వైజర్ని చేశారు. ఆ ఫోటో కిందే ఒక మూల బల్ల దగ్గర ఆ అమ్మాయి ఒక్కతే కూర్చుని తినేది. వాళ్ళ భాష మాట్లాడే మిగతా ఆడవాళ్ళు, వెయిట్రెస్‌లు, డాన్సర్లు, ఆమె బల్ల దగ్గరికి వెళ్ళడం మానేశారు. నేను ట్రే పట్టుకుని ఎప్పుడూ ఇంకో వైపు నడిచేవాణ్ణి.

2008లో ఆమె ఉద్యోగం మానేసి వెళ్ళిపోతోందని తెలిసింది. వెళ్ళే ముందు వారం, కరామాలో మా బిల్డింగు కిందున్న కెఫెటేరియాకు వచ్చి నన్ను పిలిపించింది. అంతకుముందు మేం గుడ్ మార్నింగ్ తప్ప మాట్లాడుకున్నది లేదు. బల్ల మీద చాయ్‌లు, వాటి మధ్య ఒక పుస్తకం. అట్ట మీద నల్లకోటు బొమ్మ, తల లేని కోటు. ఆమె ఒక పేజీ తీసి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. బేస్‌మెంట్‌లో ఒక ఇండియన్ నా మాటల్ని ఒక్కటీ పోకుండా నా చేతికి తిరిగి ఇచ్చాడు అని ఉందట. ఇంకో పేజీ తీసి, తన గురించి ఉన్నది కూడా చెప్పింది. అది నేను ఇక్కడ రాయను.

"కవరు మీద నీ నంబరు చూశాను" అంది. "ఆ రోజే."

"అతనికి చెప్పలేదా మేడమ్?" అన్నాను.

"రాశాను. నీ నంబరు కూడా రాశాను. పేదవాడి మీద నింద వేయడానికి సిగ్గులేదా అని జవాబు ఇచ్చాడు." ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు భరించరానిదయింది. "మా అమ్మ మా ఊళ్ళో స్కూల్ టీచర్. ఈ పుస్తకం ఆమె స్కూల్ లైబ్రరీలో ఉంది. ఆ అమ్మాయి మీ అమ్మాయేనా అని పిల్లలు అడుగుతున్నారు. నేను అక్కడికే వెళ్తున్నాను."

సంచిలోంచి ఒక చీటీ తీసి నా ముందు పెట్టింది. అతని అడ్రసు. "నువ్వు చెబితే నమ్ముతాడు. ఒక్క పేజీ చాలు. రాస్తావా?"

"రాస్తాను మేడమ్" అన్నాను. అప్పుడు నిజంగానే అనుకున్నాను.

ఎన్నిసార్లు మొదలుపెట్టానో లెక్కలేదు. రాసిన ప్రతిసారీ కవరు కంటే ముందు తొమ్మిదో తరగతి పంతులు వచ్చేవాడు. ఆ మెస్, ఆ మజ్జిగ గ్లాసు, అతని నవ్వు వచ్చేవి. రూలు వచ్చేది. చివరికి వచ్చేసరికి నాది పెద్ద తప్పేం కాదన్నట్టు తేలేది. ఒక్క ముడతా ఉండేది కాదు. చింపేసేవాణ్ణి. ఆ ఏడాది చివర హోటల్లో మనుషుల్ని తగ్గించినప్పుడు నేనూ ఇంటికి వచ్చేశాను, అడ్రసు చీటీ పాస్‌పోర్టులో పెట్టుకుని. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. చెంప మీద కొడుతుందని కాదు, కొట్టదేమోనని.

ఇప్పుడు నేనూ కథలు రాస్తాను. పత్రికలు వేస్తాయి. నీ కథల్లో మనుషులు భలే దొరికిపోతారని మెచ్చుకుంటారు. ఆ విద్య ఎవరిదో ఎవరికీ చెప్పలేదు. ఆ అడ్రసు చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. ఆ ఊరు ఇప్పుడు ఎలా ఉందో, ఆ ఇంట్లో అతను ఉన్నాడో లేడో, స్కూల్ లైబ్రరీలో ఆ పుస్తకం ఉందో లేదో నాకు తెలియదు. ఆ అమ్మాయి అడిగిన ఒక్క పేజీ ఇన్నేళ్ళకు ఇన్ని పేజీలయింది. అది కూడా అతనికీ ఆమెకూ చదవడం రాని భాషలోనే రాశాను.